చెరకు తోటలో పడిన విమానం

తమ్ముడు పోయిన రోజు నేను ఒకటో తరగతి పిల్లలకు గుణింతం చెబుతున్నాను. సూరత్‌లో మున్సిపాలిటీ నడిపే తెలుగు బడి అది. మా బడికి వచ్చేవాళ్ళంతా సాంచెల మీద, మిల్లుల్లో పనిచేసేవాళ్ళ పిల్లలు. సాంచెలంటే మరమగ్గాలు. మా బాపు ఉత్తర తెలంగాణ నుంచి వచ్చి, నవాగామ్‌లో ఒక గది కిరాయికి తీసుకుని, సాంచెలు నడిపి మా ఇద్దరినీ పెంచాడు. నేను టీచర్నయ్యాను. తమ్ముడు పైలట్ అయ్యాడు.

పైలట్ అనగానే జనం పెద్ద విమానాన్నీ నల్ల కళ్ళద్దాలనూ ఊహించుకుంటారు. తమ్ముడి బతుకు అట్లా లేదు. బార్డోలీ అవతల చెరకు తోటల నడుమ ఒక ప్రైవేటు ఫ్లయింగ్ స్కూలు ఉండేది. ఒక్క ఇంజన్ ఉన్న చిన్న విమానాలు. కలిగిన ఇళ్ళ పిల్లలు అక్కడ విమానం నడపడం నేర్చుకునేవాళ్ళు. తమ్ముడు వాళ్ళకు ఇన్‌స్ట్రక్టర్. పొద్దున్నే టిఫిన్ చేసి, బైకు మీద వెళ్ళి, సాయంత్రానికి ముఖం నిండా ఎండతో తిరిగొచ్చేవాడు.

ఆ రోజు పక్క క్లాసు టీచర్ తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. ఆమె చేతిలో ఫోను ఉంది.

"మేడం, మీ తమ్ముడు పనిచేసేది బార్డోలీ దిక్కే గదా?" అంది.

ఎందుకని నేను అడగలేదు. తమ్ముడికి ఫోన్ చేశాను. రింగయింది. మళ్ళీ చేశాను. మళ్ళీ రింగయింది. ఫోను పగల్లేదు, కాలలేదు. ఆ రింగు వింటూ నేను ఆశపడ్డాను. చివరికి ఎవరో ఎత్తారు. గుజరాతీలో మాట్లాడుతున్న పోలీసు. ఈ ఫోను మనిషి మీకేమవుతాడని అడిగాడు. తమ్ముడన్నాను. ఆయన ఆసుపత్రి పేరు చెప్పి, "ఇంట్లో మగవాళ్ళను తీసుకుని రండి, బేన్" అన్నాడు. బేన్ అంటే అక్కా అని.

టేకాఫ్ అవుతుండగా ఇంజన్ ఆగిపోయిందట. నేల విడిచి కాస్త పైకి లేచిందో లేదో, చప్పుడు మారి, ఆగిపోయి, విమానం చెరకు తోటలో పడిందట. లోపల ఇద్దరే ఉన్నారు. తమ్ముడు, అతని దగ్గర నేర్చుకుంటున్న కుర్రవాడు. ఇద్దరూ పోయారు.

ఆసుపత్రి వరండాలో ఆ కుర్రవాడి తండ్రిని మొదటిసారి చూశాను. సూరత్ బట్టల మార్కెట్‌లో చీరల దుకాణం ఉన్న సేఠ్. ఆయన ఏడుస్తున్నాడు. మమ్మల్ని ఎవరో చూపించారు. అంతే, లేచి నేరుగా బాపు మీదికి వచ్చాడు.

"తమారా ఛోకరాఏ మారా దీకరానే మారీ నాఖ్యో!"

మీ పిల్లవాడు నా కొడుకును చంపేశాడు అని. వరండా అంతా వినబడేలా, మళ్ళీ మళ్ళీ అన్నాడు. మా బాపు ఏం చేశాడో తెలుసా? రెండు చేతులు జోడించి ఆయనకు దండం పెట్టాడు. సొంత కొడుకు లోపల గుడ్డ కప్పుకుని పడి ఉంటే, తిడుతున్నవాడికి దండం పెట్టాడు.

ఇంటికొచ్చాక నేను బాపును అడిగాను. "ఎందుకు బాపూ? ఆయన ఏమన్నడో తెలుసా నీకు?"

బాపుకు జీవితమంతా సాంచెల చప్పుడులో ఉండి చెవులు మందగించాయి. దగ్గర కూర్చుని గట్టిగా చెబితేనే వినిపిస్తుంది.

"ఏమన్నడు బిడ్డా? నాకు ఇనరాలే. ఏడుస్తుండు గదా. ఆయన కొడుకు సుత పోయె. అందుకే దండం పెట్టిన."

నేను చెప్పాను, ఆయన అన్న మాట అన్నట్టుగా, చెవి దగ్గర గట్టిగా. చెప్పకుండా ఉంటే పోయేదని మా చిన్నాయన తర్వాత నన్ను తప్పుపట్టాడు. పట్టనీ. తన కొడుకును హంతకుడన్నవాడికి దండం పెట్టానని మా బాపుకు తెలియాలి. బాపు తల దించుకుని చాలాసేపు తన చేతులు చూసుకున్నాడు. ఆ తర్వాత ఆయన ఆ సేఠ్ మాట ఎత్తలేదు.

మర్నాడు ఫ్లయింగ్ స్కూలు యజమాని టీవీవాళ్ళ ముందు నిలబడ్డాడు. తెల్ల చొక్కా, చేతికి పెద్ద గడియారం. చాలా బాధగా ఉందన్నాడు. వెంటనే ఇంకో మాట కలిపాడు. ఇంజన్‌లో చిన్న సమస్య వచ్చి ఉండవచ్చు, కానీ ఇన్‌స్ట్రక్టర్ కంగారుపడి విమానాన్ని వెనక్కి తిప్పబోయాడు, అందుకే పడిపోయింది అన్నాడు. సాయంత్రానికి ప్రతి ఛానల్‌లో అదే మాట. పైలట్ తప్పిదం. మా వీధిలో ఒక ఇంటి టీవీ పక్కింటికి వినిపిస్తుంది. ఎటు తిరిగినా మా తమ్ముడి తప్పు వినబడేది.

అది అబద్ధమని నాకు తెలుసు. ఎట్లా తెలుసో చెబుతాను.

అంతకు కొద్ది రోజుల ముందు ఒక ఆదివారం మధ్యాహ్నం మేమంతా అన్నం తింటున్నాం. తమ్ముడి ఫోను మోగింది. చేతికి పులుసు ఉందని ఎడమచేత్తో స్పీకర్ నొక్కాడు. ఆ సేఠే. అప్పటికి ఆయన ముఖం నాకు తెలియదు. గొంతు మాత్రం ఆ రోజే తెలిసింది.

"మా అబ్బాయి ఫ్లైటు మళ్ళీ ఎందుకు ఆపేశావు?" హిందీలో అడిగాడు.

"సార్, బయల్దేరే ముందు పరీక్ష చేస్తే ఇంజన్ సరిగా తిరగడం లేదు. రిపేరు చెయ్యమని చెప్పాను. అది అయ్యాకే తీసుకెళ్తాను," తమ్ముడు నెమ్మదిగానే చెప్పాడు.

"ప్రతిసారీ ఒక సాకు! వాడి జతగాళ్ళంతా పూర్తి చేసుకుని వెళ్ళిపోయారు. నీకు భయమైతే ఆ సంగతి చెప్పు. భయపడేవాడు సాంచెలు నడుపుకోవాలి, విమానం కాదు. మీ మాలిక్‌తో మాట్లాడతాను."

ఫోను పెట్టేశాడు. బాపుకు వినబడలేదు, మజ్జిగ పోసుకుంటున్నాడు. మాకు వినబడింది.

"ఎవలు కొడుకా గాయన? గంత మాటంటడేంది?" అంది అమ్మ.

"ఒక పిల్లగాని నాయిన. పిల్లగాడు మంచోడే అమ్మా. గీయనకే తొందరెక్కువ."

"గా ఖరాబైన దాంట్ల నువ్వు ఎక్కకు."

"బాగుచేస్తమన్నరు. చేసినంకనే ఎక్కుత."

నేనే అడిగాను, పైన ఇంజన్ ఆగిపోతే ఏం చేస్తారని. తమ్ముడు కంచంలో వేలితో గీసి చూపించాడు. "పైన ఆగితే ఏం కాదక్కా. జర సేపు తేలుతది. దిగనీకి జాగ చూస్కోవచ్చు. లేవంగనే ఆగితేనే కష్టం. ఎన్కకు మర్రనీకి టైం ఉండదు. ముందట పొలముంటే పొలంలకు, రోడ్డుంటే రోడ్డు మీదికి, సీదా పోవాలె. మర్రితే సస్తం. నేను పిల్లలకు మొదటి రోజు చెప్పేదే గది."

మొదటి రోజు చెప్పే పాఠాన్ని చెప్పేవాడే మరిచిపోయి వెనక్కి తిప్పాడట!

ఆ సేఠ్ నిజంగానే యజమానితో మాట్లాడాడు. మర్నాడు స్కూలువాళ్ళు తమ్ముడిని పిలిచి, ఇంజన్ బాగైంది, ఇక ఆపడానికి వీల్లేదన్నారట. ఇంకోసారి ఆపితే వేరే ఇన్‌స్ట్రక్టర్‌ను పెట్టుకుంటామన్నారట. ఆ సంగతి తమ్ముడు నాకొక్కదానికే చెప్పాడు. పరీక్ష చేస్తే ఈసారి ఇంజన్ బాగానే తిరిగిందని కూడా చెప్పాడు. బాగానే తిరిగింది కనుకనే ఎక్కాడు.

దశదినం కాకముందే అమ్మ ఒక మాట అంది. ఆ పిల్లవాడి ఇంటికి పోవాలని. గుజరాతీలు చావు జరిగిన ఇంట్లో బేస్ణు అని పెడతారు. అందరూ తెల్లబట్టలతో వచ్చి కాసేపు కూర్చుని, ఫోటోకు దండం పెట్టి వెళ్తారు. దాని ప్రకటన పేపర్లో వచ్చింది.

"వాళ్ళు మనల్ని తిడుతుంటే పోతవా?" అన్నాను.

"మన పిల్లగాని పక్కన కూసొని పోయిండు గా పిల్లగాడు. పోకుంటె ఎట్ల?"

బాపు రానన్నాడు. నేనూ అమ్మా వెళ్ళాం. పెద్ద అపార్ట్‌మెంట్ కింద హాల్లో పెట్టారు. బయట చెప్పులు కుప్పలుగా ఉన్నాయి. లోపల మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు కూర్చున్నారు. ముందు దండ వేసిన ఫోటో. నేను ఆ కుర్రవాణ్ణి చూడటం అదే మొదలు. మీసాలు అప్పుడే వస్తున్న ముఖం. అమ్మ రెండడుగులు వేసిందో లేదో సేఠ్ చూశాడు.

"వీళ్ళను ఎవరు పిలిచారు?"

హాలంతా మా వైపు తిరిగింది. అమ్మ చేతులు జోడించబోయింది. నేను ఆ చేతులు పట్టుకుని ఆపాను. ఒకసారి చాలు. "బహార్ కాఢో," బయటికి పంపండి అని ఆయన ఎవరికో చెప్పాడు. ఇద్దరు మగవాళ్ళు లేచి వచ్చారు. ఒకడు అమ్మ మోచేయి పట్టుకుని తలుపు వైపు నెట్టాడు. ఆడవాళ్ళ మధ్య ఆ కుర్రవాడి తల్లి కూర్చుని ఉంది. ఆమె మమ్మల్ని చూసింది. అమ్మను నెట్టడం కూడా చూసింది. నోరు తెరవలేదు.

బయట చెప్పుల కుప్పలో అమ్మ చెప్పు ఒకటి దొరకలేదు. వాచ్‌మన్ తొందరపెడుతున్నాడు. అన్ని మంచి చెప్పుల మధ్య మా అమ్మ వంగి తన పాత చెప్పు వెతుక్కుంటుంటే నేను పక్కన నిలబడ్డాను. ఆ రోజు నా లోపల ఏదో గట్టిపడింది. ఇప్పటికీ అట్లాగే ఉంది.

మనవాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా? చిన్నాయన వచ్చి, "మనకెందుకే ఇసొంటి చదువులు? సాంచెల మీద ఉంటే బతికి ఉండేటోడు గదా" అన్నాడు. సాంచెల షెడ్డులో కరెంటు షాకు కొట్టి పోయినవాళ్ళు ఈయనకు గుర్తు లేరు. లేచి వెళ్ళిపొమ్మన్నాను. పక్కింటామె మా అమ్మతో, గాలిలో తిరిగేవాళ్ళకు అట్లాగే అవుతుందంది. ఆమెతో ఇప్పటికీ మాట్లాడను. బళ్ళో ఒక తండ్రి, పిల్లలకు భయంగా ఉంటుందేమో, కొన్నాళ్ళు సెలవు పెట్టరాదా అని సలహా ఇచ్చాడు. పిల్లలు భయపడలేదు. నేను రాగానే రోజూలాగే పలకలు ఎత్తి చూపించారు.

ఆ రోజుల్లో బడి వదిలాక నేను బట్టల మార్కెట్‌కు వెళ్ళేదాన్ని. ఇంట్లో చెప్పేదాన్ని కాదు. సేఠ్ దుకాణం ఎదుట మెట్ల దగ్గర నిలబడి చూసేదాన్ని. లోపల ఆయన చీరల కట్టలు మోసేవాళ్ళ మీద అరిచేవాడు. చాయ్ తాగేవాడు. నా తమ్ముణ్ణి హంతకుడన్న నోటితో బేరగాళ్ళను రండి రండి అని పిలిచేవాడు. ఒకరోజు దుకాణంలోకి నడిచి ఆయన ఎదుట నిలబడ్డాను. ఆయన తలెత్తి నన్ను చూశాడు.

"కౌన్‌సీ సాడీ దిఖావూఁ, బేన్?" అన్నాడు. ఏ చీర చూపించమంటారని.

గుర్తుపట్టలేదు! వరండాలో మా ముఖాల మీద అరిచినవాడు, హాల్లోంచి గెంటించినవాడు నన్ను గుర్తుపట్టలేదు. తిట్టాలనే వెళ్ళాను. ఏమీ వద్దని బయటికి వచ్చేశాను. ఆ తర్వాత ఇక వెళ్ళలేదు.

చాలా నెలలకు విచారణ జరిపిన అధికారులు మొదటి సంగతులు బయటపెట్టారు. టేకాఫ్‌లో ఇంజన్ లోపలి వాల్వు విరిగి బలం పోయిందన్నారు. అంతకు ముందే ఇన్‌స్ట్రక్టర్ ఆ ఇంజన్ మీద ఫిర్యాదు చేశాడనీ, పైపైన చూసి వదిలేశారనీ అన్నారు. విమానం వెనక్కి తిరగలేదు. సీదాగా వెళ్ళి చెరకులో దిగింది. గట్టు మీద కరెంటు స్తంభానికి రెక్క తగిలింది. అది లేకపోతే బతికేవాళ్ళేమో. పేపర్లో లోపలి పేజీలో, ఒక మూలన వేశారు. పైలట్ తప్పిదమని అరిచిన ఛానళ్ళు ఆ రోజు ఇంకేదో అరుస్తున్నాయి.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం మా గల్లీలో ఆటో ఆగింది. ఆ కుర్రవాడి తల్లి దిగింది. ఒంటరిగా వచ్చింది. బాపు పనికి వెళ్ళాడు. అమ్మ కింద కూర్చుని బెండకాయలు కోస్తోంది. నేను తలుపు దగ్గరికి వెళ్ళాను. లోపలికి రమ్మనలేదు. ఆమే వచ్చి, గడప లోపల నిలబడింది.

అమ్మకు గుజరాతీ రాదు. హిందీ అంగడి మట్టుకు వస్తుంది. ఆమె మాట్లాడితే నేను తెలుగులో చెప్పాలి. చెప్పే ముందు నా మాట నేను అన్నాను.

"మీ ఆయన ఆ రోజు ఫోన్ చేసి తిట్టకపోతే, యజమానికి చెప్పకపోతే, ఆ విమానం ఎగిరేదే కాదు. మీ కొడుకును చంపింది మీ ఇల్లే. మా తమ్ముణ్ణి చంపిందీ మీరే."

ఆమె ఉలిక్కిపడలేదు.

"మనే ఖబర్ ఛే," అంది. నాకు తెలుసు అని. "ఫోన్ చేసినప్పుడు నేను పక్కనే ఉన్నాను. చెయ్యమన్నది నేనే. మా వాడు వెనకబడిపోయానని రోజూ దిగులుపడేవాడు. గట్టిగా మాట్లాడితే గానీ ఈ ఇన్‌స్ట్రక్టర్ వినడని నేనే అన్నాను."

అమ్మ కత్తిపీట పక్కన పెట్టి, "ఏమంటుంది?" అంది.

చెప్పాను. ఒక్క మాట తగ్గించలేదు, ఒక్క మాట మెత్తగా చెయ్యలేదు.

ఆమె ఇంకా చెప్పింది. బేస్ణులో అమ్మను నెడుతుంటే చూశాననీ, లేవాలనుకున్నా లేవలేకపోయాననీ అంది. విచారణ అధికారుల దగ్గరికి వెళ్ళి ఫోన్ సంగతి తానే చెప్పి వచ్చిందట. అప్పటి నుంచి ఇంట్లో భర్త ఆమెతో మాట్లాడడం లేదట. "మాఫ్ కరో, బా," క్షమించమ్మా అని అమ్మ ముందు చేతులు జోడించింది. అదీ చెప్పాను.

అమ్మ ఆమె వైపు చాలాసేపు చూసింది. ఇన్నాళ్ళూ ఆ ఇంటి మీద ఒక్క చెడ్డమాట అనని మనిషి మా అమ్మ. ఆమెను పక్కన కూర్చోబెట్టుకుంటుందనుకున్నాను. అట్లా చేస్తే అమ్మ మీద కూడా కోపం తెచ్చుకోవడానికి సిద్ధంగా ఉన్నాను.

"అడుగు బిడ్డా," అంది అమ్మ. "ఆనాడు పొద్దుగాల గా పిల్లగాడు తిని పోయిండా?"

అడిగాను. ఆమె తల అడ్డంగా ఊపింది. "పాలు తాగాడు. ఎగిరే రోజు వాడికి ఏమీ సయించేది కాదు."

అమ్మకు చెప్పాను. అమ్మ తలూపింది.

"మావోడు తినే పోయిండు. రెండు రొట్టెలు తిన్నడు." గొంతు పెంచకుండా అంది. "ఇగ పొమ్మను. చెప్పేది చెప్పింది గదా. మల్ల రావద్దని చెప్పు."

"అమ్మా..."

"చెప్పు."

చెప్పాను. ఆమె చేతులు దించుకుని, వెనక్కి తిరిగి, గల్లీలోకి వెళ్ళిపోయింది. ఆటో పంపేసిందేమో, నడిచే వెళ్ళింది. అమ్మ కత్తిపీట దగ్గరికి లాక్కుంది. ఆ పూట బెండకాయలు కోసినవి కోసినట్టే ఉండిపోయాయి. బాపు వచ్చాక నేను చారు పెట్టాను.

ఆమె అట్లా గెంటబడితే నాకు చల్లగా ఉంటుందనుకునేదాన్ని. ఉండలేదు. పోనీ కోపం తగ్గిందా అంటే, తగ్గిందని రాస్తే అబద్ధం.

ఫ్లయింగ్ స్కూలు మూతపడింది. విమానాలు వేరే ఊరికి తరలించి వేరే పేరుతో నడపబోతున్నారని విన్నాను. యజమాని మీద కేసు నడుస్తోంది. ఈ మధ్య ఒకసారి వాంగ్మూలం ఇవ్వడానికి నన్ను పిలిచారు. సూరత్‌లోనే, ఒక ప్రభుత్వ కార్యాలయం మూడో అంతస్తు. వరండాలో ఒక బెంచీ ఉంది. దాని అవతలి చివర ఆమె కూర్చుని ఉంది. ఇవతలి చివర నేను కూర్చున్నాను. ఇద్దరం పలకరించుకోలేదు. మధ్యలో ఇంకో ఇద్దరు కూర్చునేంత జాగా ఉన్నా వచ్చినవాళ్ళు నిలబడే ఉన్నారు.

కాసేపటికి గదిలోంచి ఫ్లయింగ్ స్కూలు యజమాని బయటికొచ్చాడు. పక్కన వకీలు. ఏదో మాట్లాడుకుని నవ్వుకుంటూ వస్తున్నారు. ఆమె లేచి వరండా మధ్యలో నిలబడింది. నేనెందుకు లేచానో నాకు తెలియదు, లేచి ఆమె పక్కన నిలబడ్డాను. అది ఇరుకు వరండా.

"జరా రస్తా దీజియే," అన్నాడు వకీలు.

మేం కదల్లేదు. ఆమె యజమాని ముఖంలోకి చూస్తూ తన కొడుకు పేరు చెప్పింది. నేను నా తమ్ముడి పేరు చెప్పాను. ఆయన నవ్వు పోయింది. ఫోను తీసి చూసుకున్నాడు. దాని తెర వెలగనే లేదు. చివరికి వెనక్కి తిరిగి మళ్ళీ ఆ గదిలోకే వెళ్ళిపోయాడు.

ఆమె మెట్లు దిగి తన కారు వైపు వెళ్ళింది. నేను రోడ్డు దాటి, మా నవాగామ్ మీదుగా వెళ్ళే దిండోలి బస్సు ఎక్కాను. బస్సులో సీటు దొరకలేదు.